దవడ నుంచి చెవి దాకా

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. చెవికి కాస్త ముందు వేలు ఆనించి, నోరు తెరిచి మూయండి. వేలి కింద ఏదో కదులుతోంది కదా? అది మీ దవడ కీలు.

వెన్నెముక ఉన్న జంతువులు 60 వేల జాతులకు పైనే ఉన్నాయి. అందులో దాదాపు సగం చేపలే. వీటిని తరగతులుగా విడగొట్టి, లక్షణాలు బట్టీ పట్టి పరీక్ష రాసేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఒక్క ఎముకను పట్టుకుని దాని వెంట నడిస్తే ఎంత కథ ఉందో చూడండి.

మన కింది దవడ ఒకటే ఎముక. బల్లికి అలా కాదు, ఒక్కో వైపు చాలా ఎముకలు కలిసి దవడ అవుతాయి. కీలు కూడా వేరే ఎముకల మధ్య ఉంటుంది. చెవిలో చూస్తే లెక్క తిరగబడుతుంది. మన మధ్య చెవిలో మూడు ఎముకలుంటే, బల్లికి ఒక్కటే. మరి ఆ రెండూ ఎక్కడివి? సరీసృపాల్లో దవడ కీలుగా మారే భాగాలే క్షీరదాల్లో సుత్తి, పట్టెడ ఎముకలవుతాయని 1837లో కార్ల్ రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పిండాలను చూసి చెప్పాడు. జీవపరిణామం మీద డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా 22 ఏళ్లుంది!

కీలు చెవిలోకి వెళ్లిపోతుంటే ఆ జంతువు తిండి ఎలా తింది? న్యాయమైన ప్రశ్నే. జవాబు మార్గనుకోడాన్ శిలాజాల్లో దొరికింది. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి, చుంచెలుకంత జీవి. దాని దవడకు పాత కీలు, కొత్త కీలు పక్కపక్కనే ఉన్నాయి. నమిలే భారం కొత్తది మోస్తుంటే పాతది సన్నబడుతూ వచ్చింది. ఒపోసమ్ అని కంగారూలాంటి ఒక సంచి జంతువు ఉంది. అప్పుడే పుట్టిన దాని పిల్లలో ఇప్పటికీ చెవి ఎముకలు దవడను అంటిపెట్టుకునే ఉంటాయి. పెరిగేకొద్దీ విడిపోతాయి. కోట్ల ఏళ్ల మార్పు కొన్ని వారాల్లో కళ్ల ముందు జరిగినట్టే ఉంటుంది.

మన మధ్య చెవిలోని మూడో ఎముక సుమారు 3 మిల్లీమీటర్లు, మన ఒంట్లో అన్నిటికన్నా చిన్నది. చేపల్లో దవడను పుర్రెకు ఆనించి నిలబెట్టే ఎముకే ఇలా మారింది.

డాల్ఫిన్ల దగ్గర ఇంకో మలుపు ఉంది. వాటి చెవి రంధ్రం దాదాపు మూసుకుపోయింది. కింది దవడ వెనక భాగం బోలుగా ఉండి, కొవ్వుతో నిండి ఉంటుంది. నీళ్లలోని శబ్దం ఆ కొవ్వు గుండానే లోపలి చెవికి చేరుతుంది. అంటే, డాల్ఫిన్ మళ్లీ దవడతోనే వింటోంది.