పీట మీద కూర్చుని తొక్కిన సైకిల్

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు తిరుపతిలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదవను. చీటీలో పదకొండు పేర్లున్నాయి, నాకిచ్చింది పది నిమిషాలు.

ఐక్యరాజ్య సమితి 2018లో ఈ రోజును సైకిల్‌కు కేటాయించింది. సైకిల్ గుండెకు మంచిది, గాలికి మంచిది అని నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నేను మోకాలి గురించి చెబుతాను.

తిరుచానూరు నుంచి తిరుపతిలో ఆఫీసుకు పద్దెనిమిదేళ్లు సైకిల్ మీదే వచ్చాను. కొన్న రోజే అంగడాయన "రెండు కాళ్లూ నేలకానాల సార్, అదే సేఫ్" అంటూ సీటు అడుగుదాకా దించి బిగించాడు. ఆ నట్టు నేను మళ్లీ ముట్టుకోలేదు. మూడో ఏడు మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలైంది. నూనె రాశాను, బెల్టు కట్టాను. డాక్టరేమో వయసన్నాడు. నాకప్పుడు ముప్పై నాలుగు! మా అమ్మ మొక్కుకుంది, అలిపిరి మెట్లు 3,550 నేను నడిచి ఎక్కాలని. బస్సులో పోయి దండం పెట్టుకుని వచ్చాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

పదకొండేళ్లు అట్లే గడిచాయి. ఒకరోజు కొర్లగుంటలో పంక్చరైంది. ట్యూబుకు ప్యాచీ వేసే కుర్రాడు నేను ఎక్కి కూర్చోవడం చూసి నవ్వాడు. "ఏం సామీ, పీట మీద కూర్చుని తొక్కతా ఉండావా?"

గోడ పట్టుకుని కూర్చోమన్నాడు. పెడలు పూర్తిగా కిందికి దించి దానిమీద మడమ పెట్టమన్నాడు. అప్పుడు కాలు నిటారుగా రావాలి. నాకు మోకాలు ముడుచుకునే ఉంది. సీటు నాలుగు వేళ్లు లేపాడు. తొక్కేటప్పుడు పెట్టేది మడమ కాదు, వేళ్ల వెనకాలి పాదం. అప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. అంతే! పంక్చరుకు డబ్బు తీసుకున్నాడు, దీనికి తీసుకోలేదు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. పదకొండేళ్ల నొప్పికి మందు 13 నంబరు స్పానరు!

అలాగని మరీ లేపకండి. ఎక్కువైతే నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనకాల లాగుతుంది. సీటు రాడ్డు మీద గీత ఉంటే అది దాటి బయటికి రాకూడదు. లీలామహల్ సర్కిల్లో ఆగితే ఎట్లా అంటారా? సీటు దిగి ముందుకు నిలబడండి. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

స్పాంజి కవరు గురించి ఒక్క మాట. మా ఇంట్లోవాళ్లు ముచ్చటపడి కొన్నారు. మన బరువు మోయాల్సింది పిర్రల కిందున్న రెండు ఎముకలు. మెత్తటి కవరులో అవి దిగబడిపోయి, ఒత్తిడంతా పడకూడని చోట పడింది. సభలో ఇంతకంటే చెప్పలేను.

చీటీ వచ్చింది, ముగిస్తాను. వస్తూ బయట చూశాను, నీలం సైకిల్ ఒకటుంది. సీటు ముక్కు నేలకు వంగి ఉంది. ఎవరిదమ్మా అది? నీదా? బరువంతా చేతుల మీద పడి, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి కదూ? వందన సమర్పణ వాళ్లు చూసుకుంటారు, నువ్వు రా. స్పానరు నా సంచీలోనే ఉంది.