రెండు డ్యాములు, రెండు పైసల కరెంటు

నమస్తే. ఇయ్యాల రెండు డ్యాముల లెక్క చూద్దాం. ఒకటి మన నందికొండ దగ్గరి నాగార్జున సాగర్. రెండోది ఆఫ్రికాలో, ఘానా దేశంలో వోల్టా నది మీది అకొసొంబో. మనకు స్వాతంత్య్రం 1947లో వస్తే ఘానాకు 1957లో వచ్చింది. సాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేశారు, అకొసొంబో పని 1961లో మొదలైంది. తెల్లదొర పోయినంక మన కాళ్ళ మీద మనం నిలబడాలె, దానికి కరెంటు కావాలె, నీళ్ళు కావాలె అని ఇద్దరూ అనుకున్నారు. ఆశ ఒకటే గానీ కాగితాల మీద రాసుకున్నది వేరు.

ముందు సాగర్. అసలు డ్యాం రాతికట్టడం. కాంక్రీటుతో ఎందుకు కట్టలేదు? కాంక్రీటు డ్యాంకు సిమెంటు ఎక్కువ పడతది, పెద్ద మిక్సింగ్ ప్లాంట్లు కావాలె, క్రేన్లు కావాలె. అప్పట్లో దేశంలో సిమెంటుకే కరువు, మిషన్లు తేవాలంటే విదేశీ మారకం పెట్టాలె. 1957 వచ్చేసరికి అది కూడా అడుగంటింది. రాయి మాత్రం పక్కనే దొరుకుతది, కూలీలు వేలల్లో ఉన్నారు. రాతికట్టడంలో ఎక్కువ జాగా రాయే నింపుతది కాబట్టి సిమెంటు తక్కువతో పనైతది.

అట్లని సులువైన పనేం కాదు. రాయిని కడిగి తడపాలె, కింద పల్చగా కాదు, నిండుగా సిమెంటు మాల్ పరవాలె, రాయి కూర్చోబెట్టినంక సందుల్లో చిన్న రాతి చిప్పలు కొట్టి బిగించాలె. ఎక్కడన్న గాలి సందు మిగిలితే నీళ్ళు ఊరుతయి. ఊరే నీళ్ళు సిమెంటులోని సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగేస్తయి, సందు పెద్దదైతది. అందుకే ఇట్లాంటి డ్యాం కడుపులో గ్యాలరీలు, అంటే సొరంగాల్లాంటి దారులు పెట్టి, ఊటను పట్టి బయటికి పంపుతరు. పని నిదానం. 1967 ఆగస్టుకు గానీ కాల్వలకు నీళ్ళు వదల్లేదు. ఆ నిదానమే మనం డాలర్లు మిగిలించుకున్నందుకు కట్టిన ధర.

ఇప్పుడు అకొసొంబో. ఘానా ప్రధాని, తర్వాత అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా. ఆయన లెక్క బాగనే ఉంది: దేశంలో బాక్సైట్ ఉంది, నది ఉంది. డ్యాం కట్టి కరెంటు తీస్తే, మన మట్టిని మనమే అల్యూమినియం చేసి అమ్ముకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బు మాత్రం కోకో గింజలు అమ్మగా వచ్చిందే. మిగతాది అప్పు. ప్రపంచ బ్యాంకు 4.7 కోట్ల డాలర్లు ఇచ్చింది, అమెరికా, బ్రిటన్ కొంత ఇచ్చాయి. అప్పు ఇచ్చేటోళ్ళు ఒక మాట అడిగారు: ఇంత కరెంటు కొనేదెవరు? ఏళ్ళ తరబడి కొంటానని సంతకం పెట్టే పెద్ద గిరాకీని చూపించు. ఆ గిరాకీ ఒక్కడే దొరికాడు, అమెరికాకు చెందిన కైజర్ అల్యూమినియం కంపెనీ. రెనాల్డ్స్ అనే ఇంకో అమెరికా కంపెనీతో కలిసి వాల్కో అని ఒక కంపెనీ పెట్టింది. వాటా కైజర్‌ది 90, రెనాల్డ్స్‌ది 10 శాతం.

కొనేటోడు ఒక్కడే ఉన్న మార్కెట్‌కు వడ్లు పట్టుకుపోతే రేటు ఎవరు చెప్తరో మీకు నేను చెప్పాల్నా?

రేటు యూనిట్‌కు 2.625 మిల్లులు. మిల్లు అంటే డాలర్లో వెయ్యో వంతు. 1966 జూన్ తర్వాత డాలర్‌కు ఏడున్నర రూపాయలు గనక, మన లెక్కలో యూనిట్ రెండు పైసల లోపే. గడువు 30 ఏళ్ళు. ఒక టన్ను అల్యూమినియం తీయాలంటే దాదాపు 15,000 యూనిట్లు కాలతయి. అంటే టన్నుకు కరెంటు ఖర్చు 39 డాలర్లు. అప్పట్లో టన్ను అల్యూమినియం 500 డాలర్లకు అటూఇటూ. మామూలుగా ఈ పరిశ్రమలో ఖర్చులో మూడో వంతు దాకా కరెంటుకే పోతది. ఇక్కడ అమ్మకం ధరలో పదో వంతు కూడా పోలేదు.

ఇంకో మెలిక ఉంది. బాక్సైట్‌ను ముందు శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్ల పొడి చెయ్యాలె, దాన్ని కరెంటుతో కరిగిస్తే లోహం. ఖర్చెక్కువని ఆ శుద్ధి ఫ్యాక్టరీని ప్రాజెక్టులోంచి తీసేశారు. దాంతో తెమా రేవులోని వాల్కో ఫ్యాక్టరీకి పొడి ఓడల మీద బయటి దేశాల నుంచి వచ్చేది, లోహం మళ్ళా ఓడెక్కి పోయేది. ఘానా బాక్సైట్ మాత్రం ఆవాసో గనుల నుంచి పచ్చిమట్టిగానే ఎగుమతైంది.

మిర్యాలగూడ మిల్లర్లకు ఈ పద్ధతి తెలిసిందే. సర్కారు వడ్లు ఇస్తది, క్వింటాల్‌కు 67 కిలోల బియ్యం తిరిగి ఇచ్చేయాలె, మిల్లుకు మిగిలేది ఆడించిన కూలి. మన మిల్లరుకు కనీసం తవుడు, ఊక మిగులుతయి. వాల్కో కూడా తన యజమానుల పొడిని కూలికి కరిగించే ఏర్పాటే. పన్ను కట్టేది ఆ కూలి మీద, అమ్మిన లోహం మీద కాదు. ఘానాకు మిగిలింది కొన్ని ఉద్యోగాలు, రెండు పైసల కరెంటు బిల్లు.

ఎన్‌క్రుమాకు తెల్వక సంతకం పెట్టాడని నేను అనను. గిరాకీ లేకుంటే అప్పు లేదు, అప్పు లేకుంటే డ్యాం లేదు. నా లెక్క ప్రకారం తప్పు డ్యాం కట్టడంలో లేదు, 30 ఏళ్ళ రేటును ధరలతో ముడిపెట్టకుండా రాయడంలో ఉంది. లోహం ధర పెరిగితే కరెంటు రేటు కూడా ఇంత శాతం పెరగాలె అని ఒక్క వాక్యం గట్టిగా రాసుకోవాల్సింది. 1965లో కోకో ధర కూలింది. 1966 జనవరిలో డ్యాం ప్రారంభించాడు, ఫిబ్రవరి 24న సైన్యం ఆయన్ని దించేసింది.

రేటు సరిగ్గా మారింది 1985లో. అంతకుముందు కరువొచ్చి వోల్టా సరస్సు అడుగంటింది, ఫ్యాక్టరీ మూతపడింది. మళ్ళా నడపాలంటే బేరానికి కూర్చోవాల్సి వచ్చింది. రేటు 17 మిల్లులైంది. ఫ్యాక్టరీ పూర్తి కెపాసిటీ ఏడాదికి 2 లక్షల టన్నులు, అంటే 300 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 14 మిల్లుల పైన తేడా వేసుకోండి: ఏడాదికి 4.3 కోట్ల డాలర్లు. 20 ఏళ్ళలో డాలర్ విలువ తగ్గింది నిజమే, కానీ ఉత్త అంకెల్లో చూస్తే ఒక్క ఏడాది తేడానే దాదాపు ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పంత.

సరస్సు కింద దాదాపు 80,000 మంది ఊర్లు మునిగాయి. వాళ్ళను పంపిన కొత్త ఊర్లలో చాలావాటికి ఏండ్ల తరబడి కరెంటే రాలేదు. మనం నవ్వడానికేం లేదు. సాగర్ మన నల్లగొండ జిల్లాలో ఉన్నా దేవరకొండ ఎత్తు నేలకు కాల్వ నీళ్ళు ఎక్కలేదు, పుట్టంగండి దగ్గర లిఫ్టు పెట్టేదాకా.

ఇక నోట్ల సంగతి. మన ముసలోళ్ళకు హాలీ, కల్దార్ అని రెండు రూపాయలు తెలుసు. నిజాం హాలీ సిక్కా ఏడు ఇస్తే, బ్రిటిష్ ఇండియా కల్దార్ ఆరు వచ్చేవి. సొంత నోటు ఉన్నా దాని మారకం పెద్దన్న రూపాయి చుట్టే తిరిగింది. ఫ్రాన్స్ వదిలిన ఆఫ్రికా దేశాల్లో సీఎఫ్‌ఏ ఫ్రాంక్‌ది ఇంకా గట్టి ముడి. దశాబ్దాల పాటు విదేశీ నిల్వల్లో సగమో అంతకన్నా ఎక్కువో ఫ్రాన్స్ ఖజానాలో పెట్టాల్సి వచ్చేది. ధరలు అదుపులో ఉంటయి, అది నిజమే. కానీ 1994 జనవరిలో ఒక్కసారే విలువ సగానికి కోస్తే, ఒక ఫ్రెంచ్ ఫ్రాంక్‌కు 50 ఇచ్చిన చోట 100 ఇవ్వాల్సి వచ్చింది. గినియా మాత్రం 1958 సెప్టెంబర్ 28న ఫ్రాన్స్‌కు వద్దని ఓటేసి, 1960లో సొంత నోటు అచ్చేసుకుంది. బయట ఆ నోటును ఎవరూ ముట్టలేదు. సొంత నోటు కొట్టడం సులువు, దాని వెనక అమ్ముడుపోయే సరుకు, డాలర్ నిల్వ నిలబెట్టడమే పని.

మనకు ఆ దెబ్బ తిండి దగ్గర తగిలింది. 1956 నుంచి పీఎల్ 480 అనే అమెరికా చట్టం కింద గోధుమలు కొన్నాం, డాలర్లు కాదు, రూపాయలే ఇచ్చాం. చౌక బేరం లాగే కనబడ్డది. ఆ రూపాయలన్నీ మన దగ్గరే అమెరికా ఖాతాలో పోగుపడ్డాయి. 1965, 66 కరువులో ఏడాది దిగుమతి కోటి టన్నులు దాటింది. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. 1966 జూన్ 6న రూపాయిని డాలర్‌కు 4.76 నుంచి 7.50కి దించాం. పోగుపడ్డ ఖాతా తేలింది 1974లో, అమెరికా 1,664 కోట్ల రూపాయల చెక్కు మనకే తిరిగి రాసిచ్చినప్పుడు.

గోధుమల ఓడ ఆగింది, సాగర్ కింద వరి పండింది. ఆ వరికి చల్లే పొటాష్ ఎరువు మాత్రం ఇప్పటికీ దాదాపు మొత్తం దిగుమతే. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్ లాంటి నాలుగైదు దేశాల చేతిలో ఉంది. మన దుకాణంలో సంచి మీది రేటుకు మూలం ఆ గనుల దగ్గరి డాలర్ ఒప్పందం. వచ్చే వీడియోలో ఆ ఒప్పందం ఎన్నాళ్ళకోసారి కుదురుతదో, రేటు ఎట్ల రాస్తరో విప్పి చూద్దాం.