పొగ ఆగాక అడవి

సభకు నమస్కారం.

మన అమలాపురం చుట్టుపక్కల ఎక్కడ నిలబడి చూసినా కొండ కనపడదు. గోదావరి వెంబడి పాపికొండల దాకా వెళ్లాలి. అయినా ఈ సాయంత్రం పొగ వల్ల దెబ్బతిన్న యూరప్, అమెరికా కొండ అడవుల గురించే మాట్లాడతాను. అక్కడ జరిగినదాన్ని కొబ్బరి రైతుకి చెప్పడం తేలిక.

కొబ్బరి చెట్టుకి మొవ్వు పచ్చగానే ఉండి కింది మట్టలు పసుపెక్కితే, మెగ్నీషియం తగ్గిందని మీలో చాలామంది గట్టు మీంచే చెప్పేస్తారు. లేత ఆకు కోసం చెట్టు ముసలి ఆకులోని మెగ్నీషియాన్ని లాగేస్తుంది. 1980ల్లో జర్మనీ కొండల మీద స్ప్రూస్ చెట్లకి అచ్చం ఇదే వచ్చింది. స్ప్రూస్ అంటే క్రిస్మస్ బొమ్మల్లో కనిపించే ఆ కోసుగా ఉండే చెట్టే. దాని ఆకులు సూదుల్లా ఉంటాయి. ఆ ఏడాది పుట్టిన సూదులు పచ్చగానే ఉన్నాయి, పాతవి పసుపెక్కి రాలిపోయాయి.

మన ఇసుక నేలల్లో మెగ్నీషియాన్ని కడిగేసేది మామూలు వానే. అక్కడ కడిగింది ఆమ్ల వాన. లిగ్నైట్ బొగ్గు కాల్చితే గంధకం పొగలో కలిసి, గాలిలో ఆమ్లమై, వానతో దిగుతుంది. కొండ మీద ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ మంచు మబ్బులు చెట్లని తాకుతూ పోతాయి, మబ్బు తుంపరలో ఆమ్లం వానలోకన్నా చిక్కగా ఉంటుంది. నేలలోని కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయాక, అప్పటిదాకా మట్టిలో కదలకుండా పడున్న అల్యూమినియం కరిగి సన్న వేళ్లని పాడుచేస్తుంది. చెట్టు చావడం ఆకు దగ్గర కనపడుతుంది కానీ, మొదలయ్యేది మట్టిలో.

చెక్, పోలండ్, జర్మనీ దేశాలు కలిసే చోటుని ‘నల్ల త్రికోణం’ అనేవారు. 1970, 80ల్లో అక్కడ పైకొండల మీద స్ప్రూస్ అడవులు ఎండి మోడులయ్యాయి. చట్టం పెట్టిన గడువు ప్రకారం 1998 చివరికల్లా చెక్ దేశంలోని పెద్ద విద్యుత్ కేంద్రాలు పొగలో గంధకాన్ని పట్టే ఏర్పాట్లు చేసుకున్నాయి. గాలి నిజంగానే తేటపడింది. అది చిన్న విజయం కాదు.

మరి అడవి తిరిగొచ్చిందా?

వచ్చింది, పాతది మాత్రం కాదు. చెట్లు పోయి ఎండ నేలకి తగలగానే కాలమాగ్రోస్టిస్ అనే గడ్డి చాపలా అల్లుకుపోయింది. నడుం దాకా ఎదిగే ఆ గడ్డిలో రాలిన స్ప్రూస్ గింజ నేలని అందుకోవడమే కష్టం. పొగకి తట్టుకుంటుందని అమెరికా నుంచి నీలి స్ప్రూస్ తెచ్చి నాటారు. తర్వాత దాని మొగ్గలకి తెగులు పట్టింది. గంధకం తగ్గినా వాహనాల పొగ, పశువుల పేడ నుంచి వచ్చే నత్రజని పడుతూనే ఉంది. యూరియా ఎక్కువైన వరి ఎలా ఏపుగా పెరిగి పడిపోతుందో మనకి తెలుసు. అడవికీ ఎవరూ అడగకుండా యూరియా చల్లినట్టే అయింది. బక్క నేలలో బతికే మొక్కలు వెనక్కి తగ్గి, దురదగొండి లాంటివి ముందుకొచ్చాయి.

మట్టి సంగతికి అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధన అడవి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 1963 నుంచి జీన్ లైకెన్స్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆ కొండ వాగుల నీళ్లని, వాననీ విడవకుండా కొలుస్తూ వచ్చారు. పోయిన కాల్షియాన్ని తిరిగిస్తే ఏమవుతుందో చూద్దామని 1999లో సుమారు 12 హెక్టార్ల మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లారు. షుగర్ మేపుల్ చెట్లు కోలుకున్నాయి. చేనుకి సున్నం వేసినట్టే. అయితే ఎంత పోయిందో తెలిసింది, ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్క ఉండబట్టే.

నా బాధంతా ఇక్కడే. మనకి ఆ లెక్క లేదు. ఫలానా చెట్టు మీద ఇరవై ఏళ్ల కింద ఏముండేదో ఎవర్నడిగినా ‘బాగానే ఉండేదండీ’ అంటారు.

మీ కొబ్బరి మాను మీద తెల్లగా, బూడిద పచ్చగా మచ్చలుంటాయి, చూశారా? బూజు అనుకుని వదిలేస్తాం. వాటిలో చాలామటుకు లైకెన్లు. శిలీంధ్రం, నాచు కలిసి కాపురం చేసే జీవులు. వాటికి వేళ్లుండవు, కావాల్సింది చాలావరకు గాలి నుంచీ వాన నుంచీ తీసుకుంటాయి. అందుకే గాలి చెడితే ముందు తెలిసేది వాటికే. ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లని చూసి నైలాండర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మాట 1866లోనే చెప్పాడు.

పోయిన ఏడాది మా పెరట్లో తూర్పు వరస మూడో చెట్టు దగ్గర, ఒక అట్టముక్కలో జానెడు చదరం కిటికీ కోసి, ఛాతీ ఎత్తున మానుకి ఆనించి, లోపల కనపడిన మచ్చలన్నీ కాగితం మీద గీసుకున్నాను. చెట్టుకి రంగుతో గుర్తు పెట్టాను. ఈ సంక్రాంతికి అదే చోట, అదే అట్టతో మళ్లీ గీశాను. ఒక మచ్చ అంచు దాదాపు బియ్యపు గింజంత జరిగింది. ఒక్క ఏడాదితో ఏమీ చెప్పలేం, ఒక్క చెట్టుతో అసలే చెప్పలేం.

ఆ అట్టముక్క, రెండు బొమ్మలూ ఈ బల్ల మీదే ఉన్నాయి. పక్కన కత్తెర, ఖాళీ అట్టలు పెట్టాను. మీ తోటలో ఒక చెట్టుకి చేద్దామనుకున్నవాళ్లు కొలత తీసుకుని వెళ్లండి.