మళ్ళీ ఫ్లోరినేనా సారూ?

శ్రోతలకు నమస్కారం.

మొన్న మర్రిగూడ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. భార్యకు మెదడులో గడ్డ తీశారు, రేడియేషన్ కూడా అయింది. కొత్త ఎంఆర్ఐలో ఆపరేషన్ చేసిన చోటే తెల్లగా మచ్చ కనిపించింది. గడ్డ మళ్ళీ మొలిచిందా, రేడియేషన్‌కు దెబ్బతిన్న భాగం వాచిందా? ఫిల్ము మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. మందులు మాత్రం వేరు. ఇంట్లోవాళ్ళ టెన్షన్ అంతా అక్కడే.

మచ్చ ఆకారం చూస్తే తేలనప్పుడు, అది ఏం తింటోందో చూడాలి. పెట్ స్కాన్ చేసే పని అదే. కేన్సర్ కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. అందుకే చాలా కేన్సర్లకు చక్కెర లాంటి మందును నరానికి ఎక్కించి, అది ఎక్కడ పోగవుతుందో చూస్తారు. మెదడు దగ్గర ఈ ఉపాయం అంతగా పారదు. శరీరం బరువులో 2 శాతమే ఉన్నా, మన శక్తిలో 20 శాతం దాకా మెదడే తినేస్తుంది, అదీ ఎక్కువగా చక్కెర నుంచే. అంతా వెలుగుతుంటే గడ్డ ఎక్కడని వెతుకుతాం? అందుకని మాంసకృత్తుల ముడిసరుకైన అమైనో ఆమ్లాన్ని వాడతారు. మామూలు మెదడు దాన్ని తక్కువగా, గడ్డ ఎక్కువగా తీసుకుంటుంది.

మందు ఎక్కడ చేరిందో స్కాన్‌లో కనిపించేలా దానికి తగిలించేది ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక ఫ్లోరిన్. ఆ పేరు వినగానే ఆయన ముఖం మారింది. "మా అయ్య నడుము వంగింది ఫ్లోరిన్ తోటే సారూ. మళ్ళా దాన్నే ఎక్కిస్తరా?"

నల్లగొండలో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. మన బోరునీళ్ళలోది ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకునేది. ఇది లెక్కకు అందనంత కొంచెం, అదీ మందుకు అతుక్కుని ఉంటుంది. 110 నిమిషాల్లో సగమైపోతుంది, ఇక్కడ బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేంతసేపు అనుకోండి. తరిగిందంతా ఆక్సిజన్‌గా మారుతుంది. నిల్వ పెట్టుకునే మందు కాదు కాబట్టే పట్నం పోవాల్సి వస్తుంది.

సూది లేకుండా, ఎంఆర్ఐ మిషన్‌తోనే గడ్డలో పెరిగే కోలిన్ వంటి పదార్థాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష కూడా ఉంది. కొన్నిసార్లు రెండూ కలిపి చూస్తారు. పాత ఫిల్ములు, సీడీలు తప్పక వెంట తీసుకెళ్ళండి.

"స్కాన్‌కు ముందు నాలుగు గంటలు ఏమీ తినొద్దు, చాయ్ కూడా వద్దు. మంచినీళ్ళు తాగొచ్చు" అన్నాను.

"ఏ నీళ్ళు సారూ, బోరువా?"

"కాదన్నా, నల్లాల వచ్చే కృష్ణ నీళ్ళే" అంటే అప్పుడు నవ్వాడు.