ఇల్లు కదలని రోజులు

శ్రోతలకు నమస్కారం.

కరోనా వల్ల 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగాయి. ఐదు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. మామూలు భక్తులకు మళ్ళీ దర్శనం దొరికింది జూన్ 11న. తిరుపతి గడియారం కొండమీద ఉంటుంది. తెల్లవారుజామున సుప్రభాతం, దానికి ముందే పూలబుట్టలు, జీపులు, టీ బంకులు, రైలు దిగే జనం. అవన్నీ ఒక్కసారి ఆగేసరికి చీకటితోనే లేచి పనికి పోయేవాళ్ళలో కూడా చాలామందికి పగలూ రాత్రీ తారుమారయ్యాయి. గుళ్ళో మాత్రం కైంకర్యాలు ఏకాంతంగా జరుగుతూనే వచ్చాయి. చూసే జనం లేరని సేవల వేళలు వదిలిపెట్టలేదు. ఇంట్లో మనం చెయ్యాల్సిందీ అలాంటిదే.

అలాంటి మహమ్మారి మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్ అయి మంచం పట్టినవాళ్ళు, ఆటలమ్మ పోసి గదిలో ఉన్నవాళ్ళు, కాలు విరిగి మూడు నెలలు గడప దాటలేనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇప్పుడు చెప్పబోయేది వాళ్ళకీ పనికొస్తుంది.

ఇంట్లో ఇరుక్కున్నవాళ్ళను పలకరించే ప్రతివాళ్ళూ 'ధైర్యంగా ఉండండి' అంటారు. చెబితే వచ్చేది కాదు ధైర్యం. నిద్ర లేచే వేళ మాత్రం మన చేతిలో ఉంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

ఎందుకంటే మన ఒంట్లో నిద్రనూ ఆకలినీ నడిపే ఒక లెక్క ఉంది. రోజూ పొద్దున కంటికి తగిలే వెలుతురే దాన్ని సరిచేస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు ఎంత వెలిగినా ఆ వెలుతురు కొలత వందల లక్స్‌లోనే ఉంటుంది. ఆరుబయట చెట్టు నీడన నిలబడ్డా వేలల్లో ఉంటుంది. గది దాటనివాళ్ళకు ఆ సవరింపు జరగదు. నిద్ర రోజూ కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంది. రెండు వారాలకు రాత్రి రెండింటికి కన్ను మూసి, పొద్దున పదింటికి బరువు తలతో లేస్తారు. మధ్యాహ్నం ఆకలి ఉండదు, సాయంత్రం చిరాకు. అందరూ దీన్ని దిగులు అనుకుంటారు. దిగులే కావచ్చు గానీ, అందులో కొంత నిద్ర లెక్క తప్పడం వల్ల వచ్చిందే.

కాబట్టి మొదటి పని. లేచే వేళ ఒకటి పెట్టుకోండి, ఆరు అనుకుందాం. రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే, ఆదివారమైనా సరే, ఆరింటికే లేవాలి. లేచిన అరగంటలోపు మిద్దె పైకి వెళ్ళి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉండాలి. సూర్యుణ్ణి తేరిపార చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. ఆకాశం కింద ఉంటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి తెలిసిందే, ఏడున్నరలోపు దిగిపోండి. మిద్దె లేని ఒంటి గది అద్దె ఇల్లయితే గడప దగ్గరో, కిటికీ రెక్కలు పూర్తిగా తీసి దాని పక్కనో కూర్చోండి. అక్కడ వెలుతురు తక్కువ కాబట్టి ముప్పావు గంట దాకా కూర్చోవాలి.

రెండో పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ఇళ్ళలో చెడేది ఇక్కడే. లేచిన వెంటనే చాప చుట్టేయండి. దిండు దుప్పటి మడిచి చాపతో పాటు మూలన నిలబెట్టండి, మళ్ళీ రాత్రి దాకా అది విప్పకూడదు. మంచమైతే పరుపు మీద దుప్పటి కప్పి, దానిమీద కూర్చోవడం మానేయండి. చాప పరిచే ఉంటే దానిమీదే తిండి, దానిమీదే ఫోను, పిల్లల చదువు, దెబ్బలాట. అప్పుడు ఒంటికి ఆ చాప అంటే నిద్ర అనే గుర్తు పోతుంది. రాత్రి పడుకున్నా మెదడు మెలకువగానే ఉంటుంది.

పగటి నిద్ర వద్దని అనడం లేదు. మధ్యాహ్నం మూడులోపు, అరగంట మించకుండా, అలారం పెట్టుకుని. కాఫీ కూడా రెండింటి తర్వాత వద్దు, తాగినదాని ప్రభావం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి నిద్ర ముంచుకొస్తేనే పడుకోండి. నిన్న నిద్ర చాల్లేదని ఇవాళ ఎనిమిదింటికే పడుకుంటే పదకొండు దాకా దొర్లడమే మిగులుతుంది. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి, చిన్న దీపం వెలుతుర్లో బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి విసుగు పుట్టే పని చేయండి. కళ్ళు మూతలు పడ్డాక మళ్ళీ చాప ఎక్కండి. మధ్యలో టైము చూడొద్దు. మొదటి నాలుగైదు రోజులు పగలంతా కునికిపాట్లు వస్తాయి. చాలామంది మూడో రోజున 'ఇది మనకు పడదు' అని వదిలేస్తారు. రెండు వారాలు పట్టి చూడాలి.

ఇక వార్తలు. రోజుకు రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు. టిఫిను కాకముందు వద్దు, రాత్రి ఎనిమిది దాటాక అసలే వద్దు. వాట్సాప్‌లో బంధువుల గ్రూపునూ వీధి గ్రూపునూ మ్యూట్‌లో పెట్టండి, 'ఎల్లప్పుడూ' అని ఎంచుకోండి, ఎనిమిది గంటలకని కాదు. ఫోనులో వార్తకు చివరంటూ ఉండదు, ఒకటి చూస్తే పక్కన ఇంకొకటి లేస్తుంది. రేడియోలో వార్తలు చదివి 'ఇంతటితో సమాప్తం' అంటారు. మా మైకు ముందు కూర్చుని చెబుతున్నాం కాబట్టి పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు.

దిగులు పడొద్దంటే మనసు వినదు. అందుకే దానికి ఒక వేళ కేటాయించాలి. సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాలు, ఒక నోటుబుక్కు, పెన్ను. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు ఇవాళో రేపో చెయ్యగలిగింది, కుడివైపు మన చేతిలో లేనిది. జీపు కిస్తీ కట్టలేననే భయం ఉందనుకోండి. అది కుడివైపు వెయ్యాల్సింది కాదు. బ్యాంకుకు ఫోను చేసి వాయిదాకు వీలుందా, ఆ నెలల వడ్డీ ఎంత పడుతుంది అని అడగడం ఎడమవైపు పని. 2020 మార్చిలో కిస్తీలు మూడు నెలలు వాయిదా వేసుకోవడానికి రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది, తర్వాత ఆగస్టు దాకా పొడిగించింది. అయితే ఆ నెలలకు వడ్డీ పడుతూనే ఉండింది. అడిగి తెలుసుకోవాల్సిన సంగతి అలాంటిది. మిగతా వేళల్లో దిగులు వస్తే ఒక్క మాటలో రాసిపెట్టి 'ఐదింటికి చూద్దాం' అనుకోండి. ఐదు అయ్యేసరికి రాసుకున్న వాటిలో కొన్నింటికి బలం పోయి ఉంటుంది. పడుకునే ముందు మాత్రం ఈ బుక్కు తెరవొద్దు.

రెండు గదుల ఇంట్లో ఐదుగురు రోజంతా ఉంటే గొడవలు వస్తాయి. ఎప్పుడు వస్తున్నాయో ఓ వారం గమనించండి. తరచూ భోజనానికి ముందు, లేదా రాత్రి డబ్బు మాట ఎత్తినప్పుడు. అందుకని డబ్బు లెక్కలు పగటిపూట, తిన్నాక. ఇంట్లో ప్రతి ఒక్కరికీ రోజుకు గంటసేపు ఎవరూ పలకరించని వేళ ఉండాలి, మిద్దె మీదైనా సరే, మెట్ల మీదైనా సరే. ఈ గంట ఎప్పుడూ దక్కనిది ఇంటి ఇల్లాలికే. అందరూ ఇంట్లో ఉంటే ఆరుసార్లు టీ, మూడు పూటలా గిన్నెలు ఆమె మీదే పడతాయి. మధ్యాహ్నం గిన్నెలు మగవాళ్ళు తోమితే ఆ గంట అక్కడ దొరుకుతుంది. చెయ్యి చేసుకునే దాకా వస్తే మహిళల సాయం నంబరు 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోను చేయాలి. అది సర్దుకుపోయే సంగతి కాదు.

పలమనేరు పక్క పల్లెలో ఒంటరిగా ఉన్న అవ్వకు రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. ఫోను వచ్చే వేళ తెలిసి ఉంటే ఆమె రోజుకు ఒక ఆధారం ఉంటుంది. 'తిన్నావా, బాగుండావా' అంటే 'ఆఁ' అని పెట్టేస్తుంది. 'అవ్వా, ఊరిబిండికి మిరపకాయలెన్ని, చెనక్కాయలెన్ని' అని అడగండి, పది నిమిషాలు మాట్లాడుతుంది.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినాల్సిన మాట. శ్వాసకు సంబంధించిన జబ్బు ఊళ్ళో ఉన్నప్పుడు, గుండె దడదడలాడి ఊపిరి ఆడనట్టు అనిపిస్తే అది భయమా, జబ్బా? భయంతో వచ్చే దడ సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి పట్టడం మామూలే. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి ఆ తిమ్మిరి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, గోళ్ళ రంగు లేని వేలికి పెట్టి, అంకె నిలకడగా నిలిచేదాకా నిమిషం చూడండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి, లేకపోతే తప్పు అంకె చూపించి ఉన్న భయాన్ని రెట్టింపు చేస్తుంది. అంకె 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. అంకె బాగున్నా ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పోస్తున్నా 108కి ఫోను చేయండి. భయమే అని మీకు మీరే తేల్చేసుకోవద్దు.

దడ భయంతోనే అని డాక్టరు చెప్పి ఉంటే, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు. తీసుకోవడం కంటే వదలడం నిదానంగా ఉండడమే ఇందులో కిటుకు. చాలామంది గుండెల నిండా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తారు, దాంతో తిమ్మిరి ఇంకా పెరుగుతుంది.

మందు అలవాటున్నవాళ్ళ సంగతి వేరు. 2020లో మార్చి చివరి నుంచి మే 4 దాకా మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానితే ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే ప్రాణాపాయం. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కాలం పోగొట్టకండి, వెంటనే ఆస్పత్రి. దానికి మందులున్నాయి. శానిటైజరు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో అది తాగి పది మందికి పైగా చనిపోయారు.

ముందునుంచీ మానసిక జబ్బుకో, ఫిట్స్‌కో మందులు వాడుతున్నవాళ్ళు ఒక నెలకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. బాగానే ఉంది కదా అని, షాపు దూరమని సొంతంగా ఆపొద్దు.

నిద్ర, వెలుతురు, నోటుబుక్కు అన్నీ చేశాక కూడా రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉంటే, ఇష్టమైన పనిమీద కూడా మనసు పోకపోతే, తిండి నిద్ర తగ్గిపోతే సాయం అడగాలి. ఇంట్లో ఎవరైనా 'నేను లేకపోతే మీకు పీడ విరగడ' అంటే ఆ మాటను దాటవేయకండి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా' అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన మనమే కలిగించినట్టు అవుతుందని భయపడతారు, అలా కాదు, వాళ్ళకు బరువు దిగుతుంది. అవునంటే వాళ్ళను ఒంటరిగా వదలకండి. టమోటా తోటకో మామిడి తోటకో తెచ్చిపెట్టుకున్న పురుగుమందు డబ్బాను ఆ రోజే ఇంట్లోంచి తీసేసి, వేరేవాళ్ళ ఇంట్లో తాళం వేసి పెట్టించండి. తమిళనాడు బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోదాం, వచ్చేవారం చూద్దాం అనుకుంటూ ఆ డబ్బాను అటకమీదే ఉంచడం పెద్ద పొరపాటు.

సాయం అడగడానికి ఫోను నంబరు ఉంది, మనసు ఇబ్బందులకు ఫోనులో సలహా ఇచ్చే టెలి మానస్‌ది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే 'నిద్ర పట్టడం లేదు' అని మొదలుపెట్టండి, మిగతాది వాళ్ళే అడుగుతారు. నంబరు రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇంకోసారి: 14416.

నమస్కారం.