ఊక పట్టిన సీసం ఎక్కడికి పోతుంది?

హోస్ట్: నమస్కారం! ఈరోజు ఊక గురించి మాట్లాడుకుందాం. అలాగని ఊకదంపుడు అనుకోకండి. ఊక, చెరకు పిప్పి, వేరుశనగ తొక్కల్లాంటివి నీళ్లలోని సీసం, కాడ్మియంలాంటి భార లోహాలను పట్టేస్తాయట. నిజమేనా మేడమ్?

అతిథి: నిజమేనండి. సీసాన్నైతే ఇంకా బాగా పడతాయి.

హోస్ట్: అంటే, వడపోతలాగా అడ్డుపడతాయా?

అతిథి: కాదు. కరిగిన సీసం గుడ్డలో వడకట్టినా ఆగదు, మరిగించినా పోదు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. ఇక్కడ జరిగేది అంటుకోవడం. పిప్పిలో, తొక్కల్లో ఉండే సెల్యులోజ్, లిగ్నిన్, పెక్టిన్ అనే మొక్కల పదార్థాల మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే అణువుల గుంపులుంటాయి. అవి సీట్లనుకోండి. అక్కడున్న కాల్షియమో హైడ్రోజనో లేస్తే సీసం కూర్చుంటుంది.

హోస్ట్: అయితే గుప్పెడు వేసి కలిపితే సరి!

అతిథి: నేనూ అలాగే అనుకున్నా. మొదటిసారి పచ్చి ఊక వేస్తే నీళ్లు టీ డికాషన్‌లా తయారయ్యాయి. సరేనని ఊకను కాస్టిక్ సోడాలో నానబెట్టి, కడిగి వాడా. సీసం దాదాపు మొత్తం మాయం! ఎగిరి గంతేశా. మా పరిశోధన గైడ్ మాత్రం ఒకటే అడిగారు, "పీహెచ్ చూశావా?" అని. పీహెచ్ అంటే నీళ్లలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే కొలత; 7 దాటితే క్షారం. చూస్తే 9. నేను సరిగ్గా కడగలేదు. మిగిలిన సోడా నీళ్లలోకి దిగింది, ఆ క్షారానికి సీసం తెల్లటి మడ్డిలా అడుగుకు చేరింది. ఊక లేకుండా ఒట్టి సోడా చుక్కలు వేసిన బీకర్లోనూ అంతే!

హోస్ట్: (నవ్వుతూ) పేరు మాత్రం ఊకకు.

అతిథి: అదీ సంగతి. పోనీ ఆమ్లం పెంచుదామంటే, సీట్లన్నీ హైడ్రోజనే ఆక్రమిస్తుంది. సీసానికి సాధారణంగా పీహెచ్ 5 చుట్టుపక్కల కుదురుతుంది. ఆర్సెనిక్‌కి ఉత్త ఊక పెద్దగా పనిచేయదు, ఇనుము పూత లాంటిది కావాలి.

హోస్ట్: మరి 99 శాతం తీసేసింది అని చదువుతుంటాం కదా?

అతిథి: మొదట్లో ఎంత ఉందో అడగండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల సీసంలో 99 శాతం తీసినా 1 మిల్లీగ్రాము మిగులుతుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే ఇంకా 100 రెట్లు ఎక్కువే! అందుకే నా లెక్కలో ఇది ఫ్యాక్టరీ మురుగునీటికి మొదటి దశ శుద్ధి, అంతే. ఇంట్లో తాగే నీళ్లకు దయచేసి ప్రయత్నించకండి.

హోస్ట్: ఇంతకీ పట్టిన సీసం ఏమవుతుంది?

అతిథి: ఎక్కడికీ పోదండి, ఊకలోనే ఉంటుంది. పలుచని ఆమ్లంతో కడిగితే దిగుతుంది, ఊకను ఇంకొన్నిసార్లు వాడొచ్చు. కానీ ఇప్పుడు ఆ ఆమ్లంలో సీసం ఉంది! కాకపోతే కొద్ది ద్రవంలో చిక్కగా ఉంటుంది కాబట్టి లోహాన్ని తిరిగి రాబట్టడం తేలిక.

హోస్ట్: ఊక పనికిరాకుండా పోయాక తగలబెడితే?

అతిథి: లోహం కాలిపోదు కదా! కొంత పొగలో, మిగతాది బూడిదలో ఉంటుంది. ఎరువుగా వేస్తే నేలలోకి పోతుంది. చాలా పరిశోధన పత్రాల్లో ఈ ముచ్చట ఒక్క పేరాలో తేల్చేస్తారు. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది.

హోస్ట్: మరి మీరు వాడిన ఊక?

అతిథి: డబ్బాలో పోసి, మూత బిగించి, లేబుల్ అంటించి ప్రమాదకర వ్యర్థాల్లోకి పంపాం. గుప్పెడు ఊకకు ఇంత హడావుడా అని మా జూనియర్ ఒకటే నవ్వు. లేబుల్ మీద "సీసం" అని రాయమని పెన్ను వాడి చేతికే ఇచ్చా.