మేత ముందు, పశువు తర్వాత

(డిసెంబరు 5, ప్రపంచ నేల దినోత్సవం నాడు చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, చదువు అయిపోయి ఊళ్లో ఉండాలా, హైదరాబాదు బస్సెక్కాలా అని ఆలోచిస్తున్న తమ్ముళ్లకు నమస్కారం.

చిన్న కుటుంబం పశువులతో, ఒక నీడ షెడ్డుతో, నేల బాగుపడేలా వ్యవసాయం ఎలా చేసుకోవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. నేను మూడెకరాల లోపు వాళ్ల గురించే మాట్లాడతాను. మా ఇంటి లెక్క కూడా అదే. ఎకరంన్నర పల్లం, ఎకరం గరువు అంటే మెట్ట, ఇంటి చుట్టూ ఒక అరెకరం. పల్లంలో వరి, గరువులో చోడి (రాగి), కంది, నువ్వు, ఉలవ. మీలో చాలామందికి కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

ఈ మధ్య మన చుట్టుపక్కల ఒక వరస చూస్తున్నాను. ముందు అప్పు చేసి ప్లాస్టిక్ కప్పేసిన పాలీహౌస్ షెడ్డో, రోజుకు పదిహేను లీటర్లిచ్చే ఆవులో తెస్తారు. ఆవులు ఇంటికొచ్చాక మేత కోసం తిరుగుతారు. మేత చాలక దాణా కొంటారు. దాణా డబ్బులకు పాలన్నీ పాల కేంద్రానికి పోస్తారు, అదీ చాలకపోతే పేడను ట్రాక్టరు లెక్కన అమ్మేస్తారు. అప్పుడు ఆ ఇంటి పిల్లలకు పాలు లేవు, ఆ నేలకు గత్తం (పశువుల ఎరువు) లేదు, నెలనెలా కిస్తీ టెన్షన్ మాత్రం ఉంది. పశువులున్న రైతు అనే పేరు మిగిలింది గానీ పొలానికి పశువు ఉపయోగపడలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఈ వరసను తిరగెయ్యమని. ముందు నేల మీద పచ్చదనం, దాని నుంచి మేత, ఆ మేతకు సరిపడా పశువు, అన్నిటి తర్వాత షెడ్డు. ఎన్ని పశువులు ఉండాలో బ్యాంకు చెప్పకూడదు, సబ్సిడీ కాగితం చెప్పకూడదు. మన గడ్డి కుప్ప చెప్పాలి.

లెక్క చూద్దాం. మన నాటు ఆవు రెండు వందల యాభై కిలోల బరువుంటే రోజుకు సుమారు ఆరు కిలోల మేత కావాలి, తడి తీసేసిన లెక్కలో. రెండు ఆవులకు ఏడాదికి దగ్గర దగ్గర నాలుగున్నర టన్నులు. ఎకరంన్నర వరిలో మంచి ఏడాది మూడు టన్నుల గడ్డి వస్తుంది. అంటే ఇంకా టన్నున్నర లోటు. ఇంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం మించవు. దాని మీదే బతికే ఆవు కడుపు నిండుతుంది గానీ సరిగా ఎదకు రాదు, పాలు దిగవు.

ఈ లోటు ఎక్కడ పూడుతుంది? ఉలవ పొట్టు, మినప పొట్టు, కంది పొట్టు కళ్లంలో గాలికి పోనివ్వకుండా సంచులకెత్తి దాచుకుంటే కొంత పూడుతుంది. గట్ల మీద అవిసె, గ్లిరిసిడియా లాంటి ఆకుమేత చెట్లు నాటితే కొంత. బోరు దగ్గర ఐదు సెంట్లలో నేపియర్ గడ్డి వేసి పేడనీళ్లు పారిస్తే ఏడాదికి ఐదారు టన్నుల పచ్చిమేత వస్తుంది, ఎండు లెక్కలో టన్ను పైచిలుకు. అజొల్లా అనే నీటిమొక్కను తొట్టెల్లో పెంచమని చాలామంది చెబుతారు. మంచిదే, కానీ మన ఎండలకు ఏప్రిల్‌లో నీళ్లు వేడెక్కి చాలా ఇళ్లలో చచ్చిపోతోంది. గట్టున పది అవిసె చెట్లు అంతకంటే నమ్మకం అని నా అభిప్రాయం. ఇవన్నీ కలిపితే మూడెకరాలకు రెండు నాటు ఆవులు, వాటి దూడలు, అర డజను మేకలు. మూడో ఆవు రావాలంటే ముందు దాని మేత కనబడాలి.

మిషను కోత గురించి ఒక మాట. మిషనుతో కోస్తే గడ్డి నలిగి చేలో పరుచుకుపోతుంది. దాన్ని ఎత్తడానికి మళ్లీ కట్టలు కట్టే మిషనుకు అద్దె ఇవ్వాలి, లేకపోతే అగ్గిపుల్ల గీస్తున్నారు. కూలీలు దొరకడం లేదని నాకూ తెలుసు. మొత్తం పొలం చేతికోత చెయ్యమనడం లేదు. పశువుల వాటాకు సరిపడా మడుల వరకైనా చేతికోత పెట్టుకోండి. ఆ గడ్డి కుప్ప మే నెలలో ఎంత విలువ చేస్తుందో కొనుక్కునేవాళ్లని అడగండి.

ఇప్పుడు పేడ సంగతి. నాటు ఆవు రోజుకు పది కిలోల పేడ వేస్తుంది. రెండింటికీ ఏడాదికి ఏడు టన్నులు. బయట మేతకు తిరిగినప్పుడు పడేది పోను, గోతిలో మాగి తగ్గేది పోను, చేతికి వచ్చే గత్తం మూడు టన్నులు ఉంటే ఎక్కువ. ఎకరాకు నాలుగు టన్నులు వెయ్యమని వ్యవసాయ శాఖ చెబుతుంది. అంటే మన రెండు ఆవుల గత్తం ఏడాదికి ఒక ఎకరానికే చాలదు. అందుకే వంతులు వేసుకోవాలి, ఈ ఏడు గరువుకి వేస్తే వచ్చే ఏడు పల్లానికి. మిగతా చోట జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నాలి. గొర్రెల మందలు వచ్చినప్పుడు పొలంలో మంద కట్టించాలి. మన తాతలు మంద కాపరికి ధాన్యం కొలిచి మరీ కట్టించుకునేవారు. ఒక రాత్రి మంద పడుకున్న మడిలో పేడా మూత్రం రెండూ అక్కడే దిగుతాయి, మనం మోసే పని లేదు.

మూత్రం అన్నాను కాబట్టి చెబుతున్నాను. పశువు నుంచి బయటికొచ్చే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే ఉంటుంది. మన పశువుల సాలల్లో అది మట్టిలోకి ఇంకిపోయి, ఈగలు ముసిరి, వృథా అవుతోంది. సాలలో గచ్చు చేసి చిన్న కాలువ తీసి కుండలోకి పట్టండి. గచ్చు చేయించలేకపోతే రాత్రి పూట పశువు కింద చెత్త గడ్డి, ఎండు ఆకులు పరిచి పొద్దున్నే గోతిలోకి ఎత్తండి. గోతి మీద తాటాకు పందిరి ఉండాలి. రోడ్డు వారన ఎండలో, వానలో ఉన్న పెంటకుప్పలో జూలై నాటికి సారం మిగలదు.

జీవామృతం చాలామంది వాడుతున్నారు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీద గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు, రెండు రోజులు నీడలో కలియబెట్టడం. వాడండి, మేమూ వాడుతున్నాం. కానీ ఆ పది కిలోల పేడలో ఎకరం పంటకు కావలసిన పోషకాలు ఉండవు. అది నేలలో సూక్ష్మజీవులను పెంచుతుంది. ఆ జీవులకు తిండి కావాలి. ఆకు, వేరు, గత్తం లేని బోడి నేల మీద జీవామృతం పోసి ఫలితం రాలేదనుకోవడం న్యాయం కాదు.

ఆ తిండి ఏడాది పొడుగునా నేలకు అందాలంటే ఎండాకాలం కూడా పచ్చదనం ఉండాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కింద నవధాన్యాలు వేయిస్తున్నది ఇందుకే. ఏప్రిల్, మే నెలల్లో చోడి, గంటి (సజ్జ), జొన్న, బొబ్బర, ఉలవ, పెసర, నువ్వు, గోగు, జనుము ఇలా దొరికిన విత్తనాలన్నీ బంకమట్టితో, ఘన జీవామృతంతో (పొడిగా చేసిన జీవామృతం) ఉండలు చుట్టి పొడి దుక్కిలో చల్లడం, పైన గడ్డి కప్పడం. ఒకటి రెండు వానలకే లేస్తాయి. జూన్‌లో గడ్డి కుప్ప అయిపోయే సమయానికి పచ్చిమేత కోతకొస్తుంది, వేళ్లు నేలలోనే ఉంటాయి. ఒక జాగ్రత్త చెబుతాను, ఇది మర్చిపోవద్దు. లేత జొన్న, అందులోనూ వాన లేక వాడిన జొన్న పశువుకు విషం. పూత వచ్చేదాకా మేపకండి. మిశ్రమంలో జొన్న ఉంటే దాన్ని ఏరి వదిలెయ్యండి.

చెప్పడం వరకు ఇది తేలికే. మన ఊళ్లలో అడ్డు ఎక్కడొస్తుందంటే, కోతలు అయ్యాక పశువులను విడిచిపెట్టేస్తాం. జూన్ దాకా ఎవరి చేలో ఎవరి పశువైనా మేస్తుంది. పల్లంలో వరి కోతకు ముందు మినుము చల్లుకున్న చోట ఊరంతా కాపు కాస్తారు, అందరికీ పంట ఉంటుంది కాబట్టి. గరువులో ఒక్కడు నవధాన్యాలు వేస్తే మాత్రం ఊరి పశువులన్నిటికీ అదే విందు. ఆ ఒక్క రైతు కంచె ఖర్చు భరించలేడు. కాపరిని తిట్టి ప్రయోజనం లేదు, అతని మేకలకు ఎండాకాలం ఇంకెక్కడా పచ్చదనం దొరకదు. కాబట్టి ఇది ఊరు కూర్చుని తేల్చుకోవలసిన పని. ఈ చెరువు కింది భూములు, ఆ దిబ్బ ఏప్రిల్ నుంచి మూసేద్దాం, ఈ పక్క విడిచిపెడదాం, మూసిన చోట పని అయ్యాక కాపర్ల మందలు కట్టించి వాళ్లకు కూలి ఇద్దాం అని మాట అనుకుంటే జరుగుతుంది. నేల బాగుచేసే పద్ధతుల్లో నాకు అన్నిటికంటే కష్టంగా, అన్నిటికంటే అవసరంగా కనబడుతున్నది ఇదే.

కోళ్లు, మేకల గురించి క్లుప్తంగా చెబుతాను. నాటు కోళ్లు సాల వెనక పేడను గీరి ఈగ పురుగుల్ని ఏరి తింటాయి, కోతైన మడిలో చీడపురుగుల గూళ్లను ఏరతాయి. వాటికి కొక్కెర తెగులు టీకా తప్పనిసరి, ఒక్కసారి తగిలితే గూడు ఖాళీ అయిపోతుంది. మేకలకు, గొర్రెలకు వానలు మొదలయ్యే ముందే చిటుక రోగం టీకా వేయించాలి. కాళ్ల కింద పొడిగా ఉండాలి, వెదురు తడికె మంచె కట్టినా చాలు. చెరువు గర్భంలో మేసే పశువులకు నత్తల వల్ల కార్జపు జలగ పడుతుంది, మందు తాగించాలి. పశువు పడుకుని లేవకపోతే 1962కి ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్సు బండి వస్తుంది. మనకు పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. అమ్మకం మాటకొస్తే, గ్రామదేవత పండగలకు, కనుమకు మేకకు, పుంజుకు వచ్చే ధర మామూలు రోజుల్లో రాదు. మేకలకు, కోళ్లకు పిల్లలు పుట్టే నెలను ఆ పండగలను చూసుకుని అనుకోండి.

ఇక షెడ్డు. గ్రీన్‌హౌస్ చలిదేశాల్లో వెచ్చదనం కోసం పుట్టింది. మనకు వెచ్చదనం కొరత లేదు. మూసిన ప్లాస్టిక్ షెడ్డులో మే నెలలో మొక్కే కాదు, మనిషీ నిలవలేడు. మనకు కావలసింది రెండే. ఎండాకాలం నీడ, వానాకాలం నారు మీద వాన దెబ్బ పడకుండా కప్పు. కాబట్టి నాలుగు పక్కలా గాలి ఆడే, యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్, వానలకు పైన ప్లాస్టిక్ పట్టా. ఒక్క సెంటు చాలు. ఆ సెంటులో దారులు పోను ప్రోట్రేలు, అంటే నారు పెంచే గుంతల ట్రేలు పేర్చితే పదివేలకు పైగా నారు మొక్కలు ఒకేసారి లేస్తాయి. ఎకరం వంగకో టమాటాకో అది సరిపోతుంది, ఊళ్లో వాళ్లకు అమ్ముకోవచ్చు కూడా. ట్రేల్లోకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే కొబ్బరి పీచు పొట్టు వాడొచ్చు. అందులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి వానపాముల ఎరువు కలపండి.

కట్టడానికి ఇనుప పైపులు అక్కర్లేదు, మన దగ్గర సరివి కర్రకు కొదవ లేదు. ఎత్తు తక్కువ, గుంతలు లోతు. ముఖ్యంగా పట్టా, నెట్ రెండూ తాళ్లతో కట్టాలి, ఇద్దరు మనుషులు కాసేపట్లో విప్పేలా. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12, 2014లో హుద్‌హుద్ మళ్లీ అక్టోబరు 12, 2018లో తిత్లీ అక్టోబరు 11. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దసరా ముందూ వెనకా మన ఆకాశాన్ని నమ్మడానికి లేదు. లక్షలు పోసి బిగించిన షెడ్డు ఆ గాలికి నిలవదు, నిలిచినా దాని రేకు పక్కింటి మీద పడుతుంది. హెచ్చరిక రాగానే కప్పు విప్పి చుట్టేసి, ట్రేలు ఇంట్లోకి చేర్చితే కర్రలు పోయినా నారు మిగులుతుంది. తుపాను తర్వాత ఊరంతా కూరగాయ మళ్లీ నాటుకోవాల్సి వస్తుంది, అప్పుడు ఆ నారు కోసం మీ గుమ్మం దగ్గరికొస్తారు. తిత్లీలో ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోగా ఇల్లు నడిపేది నెలలో చేతికొచ్చే ఆకుకూర, గుడ్డు, మేక.

ఏడాదిలో కొన్ని నెలలు కప్పు తీసేసి ఉంచడం వల్ల ఇంకో మేలుంది. వాన తగలని నేలలో ఉప్పు పేరుతుంది, వేరుబుడిపె నులిపురుగు పెరుగుతుంది. నేలను వానకు తడవనివ్వండి, బంతిపూల మొక్కలు వెయ్యండి, తర్వాత కోళ్లను వదలండి.

ఒక విషయం మగవాళ్లు వినాలి. పేడ ఎత్తేది, పాలు పితికేది, కోళ్లు మూసేది, నారుకు నీళ్లు పోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. పశువు పెరిగితే పెరిగేది వాళ్ల చాకిరీ. మా ఇంట్లో సాల పని పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అని పంచుకున్నాం, మేక అమ్మిన డబ్బు ఇంటావిడ ఖాతాలో పడుతుంది. పశువు ఉన్న ఇంట్లో పెళ్లికైనా ఇద్దరూ ఒకేసారి కదల్లేరు. ఈ బరువు ముందే మాట్లాడుకుని ఆవును కొనండి.

సంక్రాంతి వెళ్లాక గరువు భూముల విషయం మీద ఊళ్లో కూర్చుందామని సర్పంచి గారు అన్నారు. మేకల కాపర్లను కూడా పిలవండి. ఇప్పుడు కళ్లాల్లో ఉన్న చోడి, ఉలవ, బొబ్బర, నువ్వు, గోగు గింజల్లో అమ్మే ముందు రెండేసి కిలోలు పక్కన పెట్టుకోండి, ఏప్రిల్‌లో విత్తనం కొనే పని ఉండదు. వెనక కూర్చున్న అమ్మలు ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నారు. మైకు ముందు వాళ్లకివ్వండి.